సభాపిరికితనం వదిలించిన ఆంధ్ర పితామహుడు

ఆర్మూరు: పసుపు కొమ్ము ధర మీద అడ్తిదారుతో గంటసేపు గట్టిగా బేరమాడగల రైతును, అదే ధర గురించి అధికారులు కూర్చున్న సభలో రెండు ముక్కలు చెప్పమంటే పక్కవాడి వైపు చూస్తాడు. మైకు చేతికిచ్చేసరికి నాలుక పిడచగట్టుకుపోతుంది. కాళ్లు వణుకుతాయి. ఇంటి దగ్గర అనుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాదు. సభ ముగిసి బయటికి వచ్చాక చెట్టు కింద నిలబడితే మాత్రం మాటలన్నీ వరుసగా వస్తాయి. అప్పటికి తీర్మానం అయిపోయి ఉంటుంది.

దీనినే మన పెద్దలు సభాపిరికితనం అన్నారు. సభాకంపం అని కూడా అంటారు. ఇది చదువురాని వాళ్లకే ఉంటుందనుకుంటే పొరపాటు. పట్టాలు పుచ్చుకున్న వాళ్లకూ ఉంటుంది. ఒక మనిషికి ఉన్నట్టే ఒక్కొక్కప్పుడు ఒక ప్రాంతం ప్రజలందరికీ ఉంటుంది. నూరేళ్ల కిందట తెలంగాణలోని తెలుగువాళ్ల పరిస్థితి సరిగ్గా అదే. సొంత భాషలో సభలో నోరు విప్పాలంటే జంకేవాళ్లు. ఆ జంకును పోగొట్టడానికి అర్ధ శతాబ్దం పాటు ఓపికగా పనిచేసిన పెద్దమనిషి మాడపాటి హనుమంతరావు పంతులు గారు. ఆంధ్ర పితామహుడని జనం ఆయనను గౌరవించారు. ఆయన పేరు విన్నవాళ్లు ఉన్నారు గానీ, ఆయన చేసిన పని ఏమిటో ఈ తరంలో చాలామందికి తెలియదు.

పొక్కునూరు నుంచి హనుమకొండకు

హనుమంతరావు గారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో మేనమామల అండన పెరిగారు. చదువు కోసం నిజాం రాజ్యంలోకి వచ్చి, సూర్యాపేటలోనూ హనుమకొండలోనూ గడిపారు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ చదువే. ఆయన ఉర్దూ, ఫారసీ భాషలు క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఇంగ్లీషు నేర్చుకున్నారు. తెలుగును మాత్రం ఇష్టంకొద్దీ చదువుకున్నారు.

చదువు ముగిశాక హనుమకొండలో విద్యాశాఖలో గుమాస్తాగా చేరారు. 1904లో అక్కడ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసింది. అంతకు మూడేళ్ల ముందు, అంటే 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. తెలంగాణలో తెలుగు గ్రంథాలయాలకు ఆ రెండూ మొదటి దీపాలు. హనుమకొండ గ్రంథాలయం పనిలో యువకుడైన హనుమంతరావు గారు మనసుపెట్టి పనిచేశారు.

ఆ తర్వాత 1912లో హైదరాబాదుకు మారి, న్యాయశాఖలో అనువాదకుడిగా ఉద్యోగం చేశారు. 1917లో ఉద్యోగం మాని వకీలు వృత్తి చేపట్టారు. ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు రాశారు. తెలుగులో కథలు రాశారు. మల్లికాగుచ్ఛము అనే కథల సంపుటం ఆయనదే. ఉర్దూలో ఇంత పాండిత్యం ఉన్న వకీలుకు కచేరీలో నోరు విప్పడానికి భయమేమీ లేదు. తన నోటికి అడ్డు లేకపోయినా, చుట్టూ ఉన్నవాళ్ల నోటికి తాళం ఎందుకు పడిందో ఆయన ఆలోచించారు. ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

తాళం ఎలా పడింది

ఆనాటి నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే ప్రజలు ఉండేవారు. జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే. అయినా పాలన అంతా ఉర్దూలో సాగేది. కచేరీ ఉర్దూ, కోర్టు ఉర్దూ, బడి ఉర్దూ. ఆర్మూరు తాలూకా రైతు అర్జీ పెట్టుకోవాలంటే ఉర్దూ రాయగలవాడి కాళ్లావేళ్లా పడాలి. అర్జీలో ఏం రాశారో అర్జీదారుకే తెలియదు. పటేలు, పట్వారీ ఏది చదివి వినిపిస్తే అదే నిజం. ఇందూరు జిల్లాలోనే కాదు, ఆ నాటి తెలంగాణ జిల్లాలన్నింటా ఇదే తీరు.

తన భాషకు కచేరీలో విలువ లేదని తెలిసిన మనిషి ఏం చేస్తాడు? తల వంచుకొని నిలబడతాడు. సర్కారు మనిషి అడిగితే అవునంటాడు, లేకపోతే ఊరుకుంటాడు. తరాల తరబడి ఇలా జరిగితే, ఊరుకోవడమే మర్యాద అనే అలవాటు పడిపోతుంది. చదువుకున్న తెలుగువాళ్లు కూడా నలుగురిలో తెలుగు మాట్లాడడం చిన్నతనంగా భావించి, ఉర్దూలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేవారు. సభాపిరికితనం వెనుక ఉన్న అసలు సంగతి ఇది. మనిషి భయపడేది మాటకు కాదు. తన మాట విని నవ్వుతారేమోనని భయపడతాడు.

1921 నవంబరు రాత్రి

ఆ భయం ఉత్తది కాదని 1921 నవంబరులో తేలిపోయింది. హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. స్త్రీ విద్య కోసం, వితంతువుల కోసం జీవితం ధారపోసిన మహర్షి ధోండో కేశవ కర్వే పూనా నుంచి వచ్చి అధ్యక్షత వహించారు. రాజ్యం నలుమూలల నుంచి చదువుకున్నవాళ్లు హాజరయ్యారు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. అందరూ శ్రద్ధగా విన్నారు.

ఆలంపల్లి వెంకటరామారావు గారు అనే వకీలు లేచి ఒక తీర్మానంపై తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన మాటలు సాగకముందే సభలో కొందరు ఎగతాళిగా చప్పట్లు చరిచారు. ఈలలు, గోల మొదలయ్యాయి. ఆయన ఉపన్యాసం ముగించలేక కూర్చోవలసి వచ్చింది. సంఘ సంస్కారం కోసం పెట్టిన సభలో, రాజ్యంలో సగం మంది మాట్లాడే భాషకు దక్కిన మర్యాద అది.

ఆయన చదువురానివాడు కాడు, నత్తివాడు కాడు. కోర్టుల్లో వాదించే వకీలు. అటువంటి మనిషినే మాట్లాడనివ్వకపోతే, పల్లెటూరి రైతు గతి ఏమిటని అక్కడున్న తెలుగువాళ్ల మనసు చివుక్కుమంది.

వాళ్లు అక్కడే కొట్లాటకు దిగలేదు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో పట్టుమని పది పన్నెండు మంది సమావేశమయ్యారు. తెలుగువాళ్లకు తమదంటూ ఒక సంఘం ఉండాలని నిర్ణయించారు. దానికి ఆంధ్ర జనసంఘం అని పేరు పెట్టారు. తర్వాతి కాలంలో రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో, ఆ కొండా వెంకట రంగారెడ్డి గారు అధ్యక్షులు. మాడపాటి హనుమంతరావు గారు కార్యదర్శి. హైదరాబాదు రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారు, రయ్యత్ అనే ఉర్దూ పత్రిక నడిపిన మందుముల నరసింగరావు గారు, చరిత్ర పరిశోధకులు ఆదిరాజు వీరభద్రరావు గారు ఆ పనిలో తోడు నిలిచిన వాళ్లు. హనుమంతరావు గారికి అప్పుడు ముప్పయ్యారేళ్లు.

చిన్న గదులు, చిన్న పుస్తకాలు

అధ్యక్షుడు సభ రోజున కనిపిస్తాడు. కార్యదర్శి మిగతా రోజులన్నీ పనిచేస్తాడు. ఉత్తరాలు రాయడం, చందాలు పోగుచేయడం, ఊరూరా మనుషులను వెతికి పట్టుకోవడం ఆయన పని. హనుమంతరావు గారు ఆ పనిని ఏళ్ల తరబడి చేశారు. 1923లో హనుమకొండలో కూడిన సమావేశంతో జిల్లాల సంఘాలన్నింటికీ కలిపి నిజాం రాష్ట్ర ఆంధ్ర జనకేంద్ర సంఘం ఏర్పడింది. దానికీ ఆయనే కార్యదర్శి. ఆ తర్వాత నల్లగొండలో, మధిరలో, సూర్యాపేటలో సమావేశాలు జరిగాయి.

సంఘం మొదట పట్టుకున్న పని గ్రంథాలయాలు, పఠన మందిరాలు. ఇందులో కిటుకు ఉంది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయంలో నలుగురు కూర్చొని పత్రిక చదువుకుంటే అది సభ కాదు. సర్కారు వాటిని కూడా అనుమానంగానే చూసింది, అది వేరే సంగతి. పల్లెలో చదువు వచ్చినవాడు ఒకడుంటే, పదిమంది చుట్టూ చేరి పత్రిక చదివించుకొని వినడం పాత అలవాటు. తన మాట కాకపోయినా, పదిమంది ముందు గొంతెత్తి చదివినవాడికి సగం భయం పోతుంది. చదివింది అర్థం కానివాడు ప్రశ్న అడుగుతాడు. అడిగినవాడికీ కొంత భయం పోతుంది. తెలుగువాడు నలుగురిలో నోరు విప్పడానికి సర్కారు కళ్లు అంతగా పడని గది అదొక్కటే.

రెండో పని చిన్న పుస్తకాలు. ఆ రోజుల్లో సర్కారు అధికారులు దౌరాకు వస్తే ఊరి కోమటి దుకాణం నుంచి బియ్యం, పప్పు, నెయ్యి డబ్బివ్వకుండానో, బజారు ధరకంటె చాలా తక్కువకో తీసుకుపోయేవారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కులాల వాళ్లు కూలీ లేని వెట్టి చేయాలి. బండి ఉన్నవాడి బండి, ఎద్దులున్నవాడి ఎద్దులు పట్టుకుపోయేవారు. సరుకు తన సొమ్మైనా అడ్డు చెప్పడానికి దుకాణదారుకు నోరు రాదు. ఆర్మూరు వంటి బజారు ఊళ్లలో వ్యాపారం చేసేవాళ్లకు ఈ బాధ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

కేంద్ర సంఘం వర్తక స్వాతంత్ర్యము, వెట్టిచాకిరి అనే పుస్తకాలు ప్రచురించింది. చట్టం ప్రకారం అధికారి ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు, సర్కారే ఇదివరకు ఇచ్చిన ఉత్తర్వుల్లో ఏముంది అనే సంగతులు తెలుగులో చెప్పింది. తన పక్షాన చట్టం ఉందని తెలిసిన వర్తకుడికి వెన్నెముక నిలబడింది. మొట్టమొదట సంఘానికి చేయూతనిచ్చిన వాళ్లలో వర్తకులు ఉండడానికి కారణం ఇదే. చేతిలో ఆధారం ఉంటే గొంతు వణకదని హనుమంతరావు గారు వకీలుగా ఎరుగుదురు. దాన్నే ఊరి దుకాణం దాకా తీసుకుపోయారు.

గాంధీజీకీ తప్పలేదు

ఇక్కడ మరో మహానుభావుడి సంగతి చెప్పుకోవాలి. మహాత్మా గాంధీ పుట్టుకతోనే వక్త అనుకునేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. లండనులో బారిస్టరు చదివే రోజుల్లో శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యుడై ఉండి కూడా ఆయన నోరు విప్పేవారు కాదు. ఒకసారి రాసి తెచ్చుకున్న కాగితాన్ని చదవడానికి కూడా ధైర్యం చాలక వేరొకరితో చదివించారు. 1891లో ఇండియాకు తిరిగి వచ్చే ముందు మిత్రులకు విందు ఇచ్చి, నాలుగు మాటలు చెప్పబోయి మొదటి వాక్యం దాటలేకపోయారు. బొంబాయిలో ఒక చిన్న దావాలో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, కక్షిదారుకు ఫీజు వాపసు ఇచ్చి కోర్టు నుంచి బయటపడ్డారు.

అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో హిందూదేశపు వర్తకులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడారు. వ్యాపారంలో నిజాయితీ గురించి, అక్కడి మనవాళ్ల కష్టాల గురించి చెప్పారు. తన జీవితంలో మొదటి బహిరంగ ఉపన్యాసం అదేనని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ముందుగా విషయం బాగా చూసుకొని వెళ్లారు. విన్నవాళ్లు తన వాళ్లు, నవ్వేవాళ్లు కారు. చెప్పవలసిన అవసరం తన సిగ్గుకంటె పెద్దదైంది. ఆ సమావేశాలు తర్వాత క్రమంగా కొనసాగాయి.

గాంధీజీకి ప్రిటోరియాలో దొరికినవి మూడు. చెప్పి తీరవలసిన విషయం, ముందుగా చేసుకున్న తయారీ, ఎగతాళి చేయని సభ. హనుమంతరావు గారు తెలంగాణలో తెలుగువాళ్లకు సమకూర్చినవి సరిగ్గా ఆ మూడే.

జోగిపేటలో పందిరి

కేంద్ర సంఘం ఏడేళ్లు పనిచేశాక 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. థియేటరులో తెలుగు మాట్లాడినవాడిని కూర్చోబెట్టిన రాజ్యంలో, తెలుగువాళ్లు తమ పందిరి తాము వేసుకొని, రోజుల తరబడి తెలుగులోనే చర్చలు జరిపారు.

సభ జరపడం తేలిక కాదు. బహిరంగ సభలకు ముందుగా అనుమతి పొందాలనే గస్తీ 53 అనే ఉత్తర్వు అమలులో ఉండేది. హనుమంతరావు గారు మితవాది. సర్కారుతో తెగతెంపులు చేసుకోకుండా, అర్జీలు పెట్టి, అధికారులను కలిసి అనుమతి సాధించేవారు. రాజకీయాల జోలికి పోకుండా సాంఘిక, విద్యా విషయాలతో సరిపెట్టుకోవలసి వచ్చేది. తర్వాతి తరంలో ఉడుకు రక్తం ఉన్న యువకులకు ఈ మెత్తదనం నచ్చలేదు. ఆయనను విమర్శించారు. కాలం మారింది, ఉద్యమం వేగం పుంజుకుంది, ఆంధ్ర మహాసభ 1944 నాటికి రెండుగా చీలిపోయింది. అయితే ఆ యువకులు మాట్లాడిన వేదిక మాత్రం హనుమంతరావు గారి తరం ఒక్కొక్క ఇటుక పేర్చి కట్టినదే.

జోగిపేటలోనే మరొక సంగతి జరిగింది. ఆది హిందువుల నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గారు మాట్లాడడానికి లేచినప్పుడు సనాతనులు కొందరు అభ్యంతరం చెప్పారు. తమ భాషను ఎగతాళి చేశారని నొచ్చుకొని సభ పెట్టుకున్నవాళ్లలోనే, మరొకరి నోరు మూయించాలని చూసినవాళ్లు ఉన్నారన్నమాట. అయినా వర్మ గారు మాట్లాడారు. మనను చూసి నవ్వినవాడిని తప్పుపట్టడం సులభం. మనం ఎవరిని చూసి నవ్వుతున్నామో గుర్తించడం కష్టం. సభామర్యాదకు అసలు పరీక్ష అక్కడే.

ఆడవాళ్ల గొంతు

మహాసభతో పాటే ఆంధ్ర మహిళాసభ కూడా జోగిపేటలో జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. ఇంటి గడప దాటి నలుగురిలో మాట్లాడడమే తప్పుగా చూసే రోజుల్లో ఒక మహిళ అధ్యక్షపీఠంలో కూర్చోవడం సామాన్య విషయం కాదు. ఆ తర్వాత ఆంధ్ర మహాసభ జరిగిన ప్రతి ఊరిలోనూ మహిళాసభ జరపడం ఆనవాయితీ అయింది.

1935లో సిరిసిల్లలో నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి హనుమంతరావు గారే అధ్యక్షులు. అక్కడి మహిళాసభకు ఆయన భార్య మాణిక్యమ్మ గారు అధ్యక్షత వహించారు. ఊరికి చెప్పే నీతిని ఇంట్లో ఆచరించిన దంపతులని ఇంతకంటె వేరే రుజువు అక్కరలేదు.

ఆరో మహాసభ 1937లో మన నిజామాబాదులోనే జరిగింది. మందుముల నరసింగరావు గారు అధ్యక్షులు. మహిళాసభకు నందగిరి ఇందిరాదేవి గారు అధ్యక్షత వహించారు. ఆలంపల్లి వెంకటరామారావు గారిని కూర్చోబెట్టిన నాటికి సరిగ్గా పదహారేళ్లకు, మన జిల్లా కేంద్రంలో మగవాళ్లకొక వేదిక, ఆడవాళ్లకొక వేదిక ఏర్పడి, రెండింటిపైనా తెలుగు వినిపించింది. ఈ సంగతి మన జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది.

కర్వే మహర్షి మళ్లీ కలిశారు

హనుమంతరావు గారు చేసిన పనుల్లో అన్నింటికంటె ఎక్కువ కాలం నిలిచింది బడి. 1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల స్థాపించారు. నిజాం రాజ్యంలో తెలుగు మాధ్యమంలో పై చదువుకు సర్కారు గుర్తింపు లేదు. గుర్తింపు లేని బడికి పిల్లలను ఎవరు పంపుతారు? పరీక్ష ఎక్కడ రాయాలి?

అప్పుడు ఆయన పూనా వైపు చూశారు. అక్కడ కర్వే మహర్షి 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఆడపిల్లలకు మాతృభాషలో చదువు చెప్పాలన్నది ఆ సంస్థ సిద్ధాంతం. నారాయణగూడ బడిని దానికి అనుబంధంగా చేర్పించి, తెలుగు పిల్లలు తెలుగులోనే చదివి పరీక్ష రాసేలా ఏర్పాటు చేశారు.

1921లో తెలుగు ఉపన్యాసానికి అవమానం జరిగిన సభకు అధ్యక్షుడు ఈ కర్వే మహర్షే. ఆ సభలో మరాఠీవాళ్లు నవ్వారని హనుమంతరావు గారు మరాఠీవాళ్లందరినీ దూరం పెట్టుకోలేదు. సాయం చేయగల పెద్దమనిషి మరాఠీ అయినా వెళ్లి చేయి కలిపారు. పగ పట్టుకున్నవాడికి ఇది సాధ్యమయ్యేది కాదు. కర్వే గారికి 1958లో భారతరత్న లభించింది. 1962లో నూట నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

మాట్లాడమని పిలిచే పీఠం

నిజాం పాలన 1948లో అంతమైంది. 1951లో హనుమంతరావు గారు హైదరాబాదు నగర మేయరు అయ్యారు. 1954 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1955లో కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడినప్పుడు ఆయన దాని తొలి అధ్యక్షులయ్యారు. 1964 వరకు ఆ పీఠంలో ఉన్నారు. డెబ్బయ్మూడేళ్ల వయసులో ఆ బాధ్యత స్వీకరించారు.

శాసన మండలి అధ్యక్షుడి పని ఏమిటి? ఎవరి వంతు వచ్చిందో చూసి మాట్లాడమని పిలవడం, వాళ్లు మాట్లాడుతుంటే ఇతరులు అడ్డుపడకుండా సభను అదుపులో పెట్టడం. ముప్పయ్యేడేళ్ల కిందట ఒక తెలుగు వకీలుకు దక్కని రక్షణను, రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన సభ్యులందరికీ కల్పించే పీఠం అది. హనుమంతరావు గారి జీవితానికి అంతకంటె తగిన ముగింపు ఉండదు.

తెలంగాణ ఆంధ్రోద్యమము అనే పేరుతో ఈ చరిత్రనంతా ఆయన స్వయంగా గ్రంథస్థం చేశారు. 1970 నవంబరు 11న, ఎనభై అయిదేళ్ల వయసులో పరమపదించారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది నవంబరులోనే, ఆయన వెళ్లిపోయింది నవంబరులోనే.

మన ఊళ్ల సంగతి

ఇప్పుడు కచేరీలో తెలుగే నడుస్తున్నది. సభ పెట్టుకుంటే ఎవరూ ఈలలు వేయరు. అయినా ఆర్మూరు చుట్టుపక్కల గ్రామసభల్లో మాట్లాడేవాళ్లు ఏ కొందరో మాత్రమే కనిపిస్తారు. సర్వసమాజ్ కూడినా, గ్రామాభివృద్ధి కమిటీ కూర్చున్నా అవే నాలుగు గొంతులు. మిగతావాళ్లు తలూపి వస్తారు. మన యాస విని పట్నంవాళ్లు నవ్వుతారేమో, తప్పు మాట దొర్లితే ఊళ్లో పదేళ్లు చెప్పుకుంటారేమో అనే జంకు ఇంకా ఉంది. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. వార్డు సభ్యురాలిగా గెలిచినా భర్త లేచి మాట్లాడే ఊళ్లు ఉన్నాయి.

అలాగని మన రైతులకు ధైర్యం లేదనడానికి వీల్లేదు. 2019 ఫిబ్రవరిలో గిట్టుబాటు ధర కోసం పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూరు వద్ద జాతీయ రహదారిపై బైఠాయించారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో అత్యధికులు రైతులే. గెలవడానికి కాదు, తమ గోడు దేశం చెవిన వేయడానికి నామినేషను వేశారు. దేశమంతా ఇటు చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. ఎవరి వల్ల ఎంత జరిగిందన్న వాదన రాజకీయ పక్షాలకు వదిలేద్దాం. నామినేషను కాగితం మీద సంతకం పెట్టినవాడికి గ్రామసభలో రెండు ముక్కలు చెప్పడం కష్టమేమీ కాదన్నది మాత్రం స్పష్టం.

హనుమంతరావు గారి జీవితం నుంచి మన ఊళ్లకు పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. ఉపన్యాసం పెద్ద సభలో మొదలు పెట్టనక్కరలేదు. గ్రంథాలయంలోనో, రచ్చబండ దగ్గరో పత్రిక పైకి చదవడంతో మొదలు పెట్టవచ్చు. పొదుపు సంఘంలో లెక్క చదివి వినిపించే మహిళ అప్పటికే ఉపన్యాసం ఇస్తున్నట్టు లెక్క. చెప్పదలచిన విషయానికి ఆధారం చేతిలో ఉండాలి. మార్కెట్లో ఇచ్చిన తక్‌పట్టీ, బ్యాంకు కాగితం, పంచాయతీ తీర్మానం నకలు జేబులో ఉంటే గొంతు దానంతట అదే నిలబడుతుంది. చెప్పేవి మూడు విషయాలైతే మూడింటినీ ఒక చీటీ మీద రాసుకోవాలి. చీటీ చూసి చదవడం నామోషీ కాదు. గాంధీజీ అంతటివాడు కాగితం రాసుకొని వెళ్లాడు. భాష ఇంటి భాషే ఉండాలి. కొమ్ము, గోళ అని చెప్పినవాడి బాధ అధికారికి అర్థమైనంతగా, పుస్తకాల మాటలు అరువు తెచ్చుకున్నవాడి బాధ అర్థం కాదు.

ఇవన్నీ మాట్లాడేవాడు చేయవలసిన పనులు. వినేవాళ్లు చేయవలసిన పని ఒకటుంది. అది అన్నింటికంటె ముఖ్యం. మొదటిసారి లేచి నిలబడినవాడు తడబడితే నవ్వకూడదు. ఆలంపల్లి వెంకటరామారావు గారు చదువుకున్న వకీలు కాబట్టి, ఆయనకు జరిగిన అవమానం నుంచి ఒక సంఘం పుట్టింది. మన ఊళ్లో తొలిసారి నోరు విప్పిన కూలీ మనిషిని చూసి నవ్వితే ఏ సంఘమూ పుట్టదు. ఆ మనిషి మళ్లీ లేవడు, అంతే. ఆ మాట ఊరికి మళ్లీ దొరకదు.

తదుపరి గ్రామసభ దండోరా వినిపించినప్పుడు ప్రతి వాడకట్టు నుంచి ఒక్క కొత్త మనిషిని, వీలైతే ఒక మహిళను, మాట్లాడమని ముందుకు పంపితే బాగుంటుంది. తక్కిన వాళ్లు చివరిదాకా కూర్చొని వింటే చాలు. ఆంధ్ర పితామహుడికి మన ప్రాంతం అర్పించగల నివాళి అదే.